గుండుసూది

చిత్తూరు కలెక్టరేటు వెనక గదిలో
నాది కాంట్రాక్టు కొలువు.
పేర్లు టైపు చేస్తాను. ఊళ్ళు, వయసులు, దెబ్బలు.
ఏడుపుకి గడి లేదు, అది నా పని కాదు.

మామిడికాయల కాలం.
గుజ్జు ఫ్యాక్టరీల పులుపు కిటికీలోంచి వచ్చి
కీబోర్డు మీద కూర్చుంటుంది.
ఆ బేస్తవారం నాలుగు కాయితాలొచ్చాయి,
నాలుగు ఆఫీసుల నుంచి, నాలుగు ముద్రలతో.

పోలీసుల కాయితంలో భవాని, నాలుగేళ్ళు,
తోతాపురి లోడు దించే షెడ్డు వెనక దొరికింది.
ఆసుపత్రి చీటీలో భువన, మూడేళ్ళు,
కుడి చెంప వాపు తగ్గింది, పంపేశాం.
అంగన్‌వాడీ రిజిస్టరులో బి. భువనేశ్వరి,
రెండేళ్ళ పది నెలలు, బరువు తక్కువ,
మార్చి నుంచి రావడం లేదు.
శిశుగృహ వాళ్ళు మాత్రం నిజాయితీగా
‘పాప’ అని రాసి
పక్కన చుక్కలు పెట్టారు.

ఒక ప్రశ్నకి మటుకు అందరిదీ ఒకే జవాబు.
పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుందా?
లేదు. లేదు. లేదు. లేదు.

ఏ పేరు పెట్టి పిలిచినారు సామీ!

ఎడమ మోకాలి కింద చింతగింజంత మచ్చ
నాలుగింటిలోనూ ఉంది.
మచ్చని చూసినంత శ్రద్ధగా
ఇంకేదీ చూడలేదు మనం.
నాలుగు కాయితాలూ ఒకటిగా పేర్చి
గుండుసూది గుచ్చాను.
‘ఇది ఏ ఫైల్లో పెట్టేదబ్బా?’ అన్నారు సత్యవేలు సారు.
ఫోన్లు చేశాను. మూడు ఎత్తలేదు.
మళ్ళీ చేశాను.

మంగళవారానికి అందరూ వచ్చారు.
మొదటి అరగంట, ఎవరి లెటరు ముందు ఎవరికి చేరిందో
తేల్చుకోవడానికే సరిపోయింది. టీ మీద మీగడ కట్టింది.
తర్వాత డాక్టరు షాహీన్ నేల మీద చాప పరిచి
చెక్క దిమ్మెలు, గిలక్కాయ, ఎర్ర బంతి తీసింది.
దిమ్మె మీద దిమ్మె పెడుతుందా? పెట్టింది.
రెండు మాటలు కలుపుతుందా?
ఒక్క మాటా లేదు.

భయం, అన్నాడు కానిస్టేబులు ధనకోటి.
మొండి, అన్నారు మేనేజరమ్మ.
వాళ్ళమ్మకీ మాటలు ఆలస్యమేనంట,
అంది అంగన్‌వాడీ టీచరు మునీశ్వరి.

పాప చంక దిగనంటే తోడొచ్చిన ఆయా కుప్పమ్మ
తలుపు దగ్గరే నిలబడి ఉంది. కుర్చీ ఎవరూ వెయ్యలేదు.
‘ఈ పక్క పిలిస్తే పలకదమ్మా.
ఆ పక్క పిలవండి.
రాత్రిళ్ళు నేను ఆ పక్కనే పండుకొని కత చెప్తా.
నవ్వతాది.’

డాక్టరమ్మ చెయ్యి ఆగింది.
కుడిపక్క గిలక్కాయ ఊపింది. పాప బంతినే చూస్తోంది.
ఎడమపక్క ఊపింది.
తల తిరిగింది, మెల్లగా,
అడగడానికి ఇంతసేపా అన్నట్టు.

కుడి చెంప వాపు తగ్గింది.
చెంప వెనక చెవిని ఎవరూ అడగలేదు.

ధనకోటి టోపీ మోకాలి మీద పెట్టుకొని
తన అరచేతినే చూసుకుంటూ కూర్చున్నాడు.

ఫారంలో కుప్పమ్మకి చోటు లేదు.
స్కేలు పెట్టి పెన్నుతో అడుగున ఒక గీత గీశాను:
దగ్గరుండే మనిషి చెప్పేది.
సారు చదవకుండానే సంతకం చేశారు.
చదివి ఉంటే చేసేవారో లేదో.

తిరుపతిలో చెవి పరీక్షకి
పద్దెనిమిది రోజుల తర్వాత తేదీ దొరికింది.
బండి ఎవరిస్తారని మళ్ళీ రగడ.
పేరు గడి ఖాళీగా వదిలేశాను,
ఈ కొలువులో మొదటిసారి.
కుప్పమ్మ వంగి ఎడమ చెవిలో ఏదో అడిగింది.
పాప ఇంకో దిమ్మె పెట్టింది. అయిదోది. కూలిపోయింది.

‘బండి లేకపోతే పోనీ, బస్సులో నేను తీసుకుపోతా’ అంది మునీశ్వరి.
లేచి నిలబడి, సంచి భుజానేసుకొని, ఆగింది.
‘కిటికీ ఏ పక్కకి వస్తే మంచిది డాక్టరమ్మా,
నేను చెప్పేది వినపడాలంటే?’

ఆ ప్రశ్న ఎవరూ రాసుకోలేదు.
అందరం ఒక్కసారే
బస్సు గురించి ఆలోచించాం.